హీరాలాల్ ఇంట్లో లాంప్ రూం

సోలారు పలక ఇంటి మీదికెక్కిన ఐదో రోజున హీరాలాల్ ఇంట్లో ఒక చట్టం చేశాడు. ఇక మీదట బిళ్ళ ఇస్తేనే దీపం. బిళ్ళ లేకపోతే చీకటి.

ఈ చట్టం ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు హీరాలాల్ తెలియాలి. ఆయన కొత్తగూడెం దగ్గర ఒక బొగ్గుబావిలో లాంప్ రూం మనిషి. బావిలోకి దిగే కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తే, హీరాలాల్ తలకు పెట్టుకునే బత్తీ, నడుముకు కట్టుకునే బ్యాటరీ ఇస్తాడు. షిఫ్టు దిగి పైకొచ్చాక అవి తీసుకుని బిళ్ళ వాపసు చేస్తాడు. బ్యాటరీలను చార్జింగుకు తగిలిస్తాడు. పదహారేళ్ళుగా ఇదే పని కాబట్టి బ్యాటరీ అనేదాన్ని తనే కని పెంచినట్టు మాట్లాడతాడు. తండావాళ్ళు ఆయన్ను ఎదురుగా 'హీరాలాల్ అన్నా' అంటారు, చాటుగా 'ఓల్టు హీరాలాల్' అంటారు.

భార్య జమ్లి ఆయనకు ఏ పేరూ పెట్టలేదు. ఆమెకు అంత తీరిక లేదు.

మొగుడూ పెళ్ళాలు మామూలుగా లంబాడీలోనే మాట్లాడుకుంటారు. జగడం వస్తే మాత్రం తెలుగులోకి దిగుతారు. బావి దగ్గర నేర్చుకున్న తెలుగు జగడానికి బాగా ఒదుగుతుందని హీరాలాల్ నమ్మకం. ఈ కథలో అంతా తెలుగే వినిపిస్తే అందుకు కారణం అదే.

వాళ్ళ తండాలో ఉన్నవి పదమూడిళ్ళు. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి, అడవిలోకి నాలుగు కిలోమీటర్లు నడవాలి. చెట్లు కొట్టనివ్వరు కాబట్టి స్తంభాలు రాలేదు, స్తంభాలు లేవు కాబట్టి కరెంటు రాలేదు. ఊళ్ళకు ఊళ్ళు వెలిగించే బొగ్గు పక్కనే తవ్వుతున్నా, ఈ పదమూడిళ్ళ ఆడవాళ్ళు కిరసనాయిలు బుడ్డి ముందు కళ్ళు నులుముకుంటూ బియ్యంలో రాళ్ళు ఏరుకునేవారు. తొంభై నాలుగులో సోలారు ఆఫీసు నుంచి గురవయ్య సారు జీపులో వచ్చి, నమూనాగా ఒక్క ఇంటికి పలక బిగిస్తామన్నాడు. ఉన్నవాటిలో గట్టి కప్పు హీరాలాల్ ఇంటిది.

పలక పైకెక్కింది. కింద బ్యాటరీ, గోడకు ఒక చిన్న డబ్బా, వంటింట్లో ఒకటీ వసారాలో ఒకటీ ట్యూబులైట్లు. గురవయ్య సారు నిదానంగా చెప్పాడు.

"ఇది ఈ రెండు లైట్లకే. టీవీలు, ఫ్యాన్లు తగిలించొద్దు. పలక మీద దుమ్ము తుడవండి, నీడ పడనివ్వకండి. బ్యాటరీ నిండితే ఈ డబ్బా తనంతట తనే చార్జింగు ఆపుతుంది. పన్నెండు రోజులు పోయాక సోమవారం వచ్చి చూస్తాను. బాగుంటే మిగతా పన్నెండిళ్ళకూ ఇస్తాం. పాడు చేశారంటే ఆ పన్నెండూ వేరే తండాకు పోతాయి."

జమ్లి గుమ్మంలో నిలబడి ప్రతి మాటా విన్నది. హీరాలాల్ వినలేదు. ఆయన అదే సమయంలో గురవయ్య సారుకు లాంప్ రూం గురించి చెబుతున్నాడు.

ఆ సాయంత్రం లైటు వెలిగేసరికి తండా అంతా వసారాలో చేరింది. పొరుగింటి రూప్‌సింగ్‌కు మొదటి అనుమానం వచ్చింది.

"అన్నా, మబ్బు పడితే ఎట్ల?"

"మబ్బు ఎండను ఆపుతది గాని ఓల్టును ఆపదురా."

"వాన పడితే? కరెంటు తడవదా?"

"తడిస్తే ఇంకా మంచిది. చల్లగుంటది."

"రాళ్ళవాన వస్తే?"

"బాయిల బండ మీద పడ్డా మా బత్తులు పగలలే. ఇదెంత!"

హీరాలాల్ తల్లి సక్రి మూల నుంచి గొంతు సవరించుకుంది. "కొడకా, బ్యాటరీ ఎన్నేండ్లొస్తది?"

"నీకన్నా గట్టిదమ్మా."

"నాకన్నా గట్టిదంటే నీ పెండ్లాం లెక్క ఉంటది," అని ముసలావిడ తీర్పు చెప్పింది.

జనం వెళ్ళిపోయాక జమ్లి గిన్నెలు సర్దుతూ అన్నది. "మబ్బు పడితే చార్జి తక్కువైతదన్నడు సారు. నీళ్ళు పోసుకుంట మంచిగ చూసుకుంటే బ్యాటరీ ఐదేండ్లొస్తదన్నడు."

"గిదంత నువ్వెప్పుడు విన్నవే?"

"నువ్వు ఆయనకు చెప్తున్నప్పుడు."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ హీరాలాల్ శనివారం డ్యూటీలో నోరు జారాడు. తోటి ఉద్యోగి సాంబమూర్తి, "అడవిల ఎండ దీపమంటే గుడ్డిగ మిణుకుమిణుకు మంటదా?" అని నవ్వాడు. కంపెనీ క్వార్టర్లో ఫ్యాను కింద పడుకునే మనిషి అలా నవ్వితే హీరాలాల్‌కు ఒళ్ళు మండింది.

"దీపమేంది, మా బ్యాటరీ మీద టీవీ నడుస్తది!"

"అట్లనా? మా బామ్మర్ది లారీల పెట్టుకునే చిన్న టీవీ ఉంది. పైవారం ఆదివారం సినిమాకు తేవాల్నా?"

"తే. నీ ఇంటోళ్ళను కూడ తీసుకరా."

లాంప్ రూంలో మాట అంటే బావి అడుగు దాకా పోతుంది. షిఫ్టు దిగేలోపు మరో నాలుగు కుటుంబాలు వస్తామన్నాయి. తెల్లారి ఆదివారం పొద్దున్నే హీరాలాల్ కూల్‌డ్రింకు కొట్టు నుంచి తెచ్చిన రేకు మూతలను సుత్తితో సాపు చేసి, మేకుతో వాటి మీద నంబర్లు పొడిచాడు. వారమంతా చార్జి దాచి, సినిమా పూట ఖర్చు పెట్టాలని ఆయన పథకం.

"ఇవేంది?" అన్నది జమ్లి.

"బిళ్ళలు. ఒక బిళ్ళకు అరగంట లైటు. నీకు రోజుకు మూడు, అమ్మకు ఒకటి."

"నీకు?"

"నాకెందుకు? నేను లాంప్ రూం ఇంచార్జిని."

"ఇంట్ల కూడ డ్యూటీ చేస్తున్నవా? బోనస్ ఎవరిస్తరు?"

"నవ్వకు. బ్యాటరీ ఆరోగ్యం కోసం చేస్తున్న."

"దాని ఆరోగ్యం మంచిగనే ఉంది. నీకేమైంది?"

హీరాలాల్ ఇంకో మూత తీసి సుత్తితో కొట్టాడు. జమ్లి ఒక బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి చూసింది.

"బిళ్ళ ఇచ్చినంక లైటు ఇయ్యనంటవా ఎప్పుడన్న?"

"ఛ! బిళ్ళ చేతిల పెట్టినోన్ని వాపస్ పంపుడు మా కానూన్ల లేదు."

"ఇయ్యాల వాడకుంటే?"

"రేపు చెల్లుతది. ఎన్నడైనా చెల్లుతది." ఆమె వాడకపోతే తనకే లాభం కదా అని హీరాలాల్ ఉదారంగా అన్నాడు.

"నా బిళ్ళ ఇంకెవలన్న తెస్తే?"

"ఎవలు తెచ్చినా చెల్లుతది!"

జమ్లి తల ఊపింది. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా, ఆమె జగడం పెట్టుకోకుండా తల ఊపితే భయపడాలని ఆయన ఇంకా నేర్చుకోలేదు.

రెండో చట్టం గొంగడి. లాంప్ రూంలో చార్జింగు ఎక్కువైతే ఆసిడ్ మసులుతుంది కాబట్టి గడియారం చూసి తీసేస్తారు. ఎండను తీసేయడం కుదరదు గనుక హీరాలాల్ గొంగడి తీశాడు.

"రోజూ పన్నెండు కాంగనే పలక మీద గొంగడి కప్పు."

"నిండితే డబ్బానే ఆపుతదన్నడు గదా సారు?"

"డబ్బాకు ఏం ఎరుక? పదహారేండ్ల సంది ఆపుతున్నది నేను!"

"సరే," అన్నది జమ్లి.

వారం హాయిగా గడిచింది. జమ్లి రోజుకు ఒక్క బిళ్ళ వాడుకుని రెండు కొంగున ముడేసుకునేది. హీరాలాల్ సాయంత్రం నాలుగింటికి డ్యూటీ నుంచి వచ్చేసరికి పలక మీద గొంగడి ముడత లేకుండా పరిచి ఉండేది. డబ్బా మీద పచ్చ దీపం నిండుగా వెలిగేది. "చూసినవా గొంగడి మహిమ?" అనేవాడు. "చూస్తున్న," అనేది జమ్లి.

ఆదివారం వచ్చింది. సాంబమూర్తి టీవీని భుజానికెత్తుకుని, భార్యాబిడ్డలతో అడవిబాటలో చెమటలు కక్కుతూ దిగాడు. వెనక మరో నాలుగు కుటుంబాలు, అందరికన్నా వెనక బావిలో అందరికీ పెద్దవాడు భీమయ్య. వసారా నిండిపోయి జనం కోళ్ళగంప మీద కూడా కూర్చున్నారు. గంప కిందున్న కోళ్ళు అభ్యంతరం చెప్పాయి. రూప్‌సింగ్ వెదురుబొంగుకు యాంటెనా కట్టి ఇంటి మీదికెక్కాడు.

"వచ్చిందా?"

"రాలే! భద్రాచలం దిక్కు తిప్పు!"

"ఇప్పుడు?"

"ఒక చెవు వచ్చింది! ఆగు, కదలకు!"

"ఎంతసేపు అన్నా?"

"సినిమా అయ్యేదాంక!"

గోడ మీది డబ్బా టీవీకి కరెంటు ఇవ్వనని మొండికేసింది. హీరాలాల్ డబ్బాను పక్కకు నెట్టి, లారీ క్లిప్పులను నేరుగా బ్యాటరీకి తగిలించాడు. బొమ్మ వణికి, నిలబడి, వార్తలు చదివే ఆమె మొహం అయింది. వసారా ఈలలతో దద్దరిల్లింది. సాంబమూర్తి లేచి హీరాలాల్‌తో చేయి కలిపాడు. పదహారేళ్ళ నౌకరీలో తనకింత గౌరవం దక్కలేదని హీరాలాల్ మురిసిపోయాడు.

సరిగ్గా అప్పుడే జమ్లి వచ్చింది. ఆమె వెనక, అద్దాల కుట్టు మూటలు చంకన పెట్టుకుని తండాలోని మిగతా పన్నెండిళ్ళ ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. ముందున్న రూప్‌సింగ్ భార్య ద్వాలి హీరాలాల్ అరచేతిలో బిళ్ళ పెట్టింది.

"అన్నా, లైటు."

"ఇప్పుడా?"

"ఎన్నడైనా చెల్లుతదన్నవు," అన్నది జమ్లి. "పన్నెండు బిళ్ళలు. ఆరు గంటలు."

హీరాలాల్ గొంతు తగ్గించాడు. "సినిమా అయినంక ఇస్తనే. మందిల ఇజ్జత్ తీయకు."

జమ్లి గొంతు తగ్గించలేదు. "సినిమా అయినంక బ్యాటరీల ఏముంటది? డబ్బా తప్పించి గుంజితే అది తెల్లారేసరికి పాడైతది. సారు చెప్పిండు. గీ పన్నెండు మంది ఇండ్లల్ల దీపం వస్తదా రాదా అన్నది దాని మీదున్నది. నీకొక్కనికే గాదు ఇజ్జత్."

ద్వాలి నేల చూపులు చూస్తూ నిలబడింది. కిందటి వానాకాలం చీకట్లో పొయ్యి రాజేస్తూ ఆమె తేలు మీద చేయి వేసింది. ఆ వాపు తగ్గడానికి నెల పట్టింది. అది హీరాలాల్‌కూ తెలుసు.

ఆయన సాయం కోసం తన లాంప్ రూం జనం వైపు చూశాడు. భీమయ్య బీడీ ఆర్పి గంభీరంగా అన్నాడు. "బిళ్ళ చేతిల పడ్డంక బత్తి ఇచ్చుడే, హీరాలాల్. నువ్వు రోజూ మాకు చెప్పేదే గదా."

హీరాలాల్ క్లిప్పులు పీకాడు. వార్తల ఆమె వాక్యం మధ్యలో మాయమైంది. పిల్లలు ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. ఇంటి మీద రూప్‌సింగ్ మాత్రం ఊపిరి బిగబట్టి, యాంటెనా పట్టుకుని అలాగే ఉన్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

డబ్బా మళ్ళీ కలిపాక లైటు వెలిగింది. ఆడవాళ్ళు దాని కింద గుండ్రంగా కూర్చుని మూటలు విప్పారు. సక్రి కూడా జరిగి వాళ్ళ మధ్యకు చేరింది. సూది లైటుకేసి పట్టుకుని, దారం తడి చేసి, ఒక్కసారికే ఎక్కించింది. ఎక్కించి తనే నమ్మలేక అందరికీ చూపించింది. బుడ్డి వెలుగులో ఎన్నో ఏళ్ళుగా ఆమె సూదికి ఎవరో ఒకరు దారం ఎక్కించి ఇవ్వాల్సి వచ్చేది. తల్లి మొహం చూసి హీరాలాల్‌కు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. రెండిట్లో ఏది ఎక్కువో ఆయనకే తెలియలేదు.

ఇంతలో బయట జీపు ఆగిన చప్పుడైంది. గురవయ్య సారు!

హీరాలాల్ వసారా మెట్టు దాకా ఎదురెళ్ళాడు. "సోమవారం గదా సార్?"

"మీ ఆవిడ గురువారం సంతలో కలిసి, పగలొచ్చి దీపం ఏం చూస్తారు సారూ అంది. నిజమే అనిపించింది." గురవయ్య సారు చూపు టీవీ మీద ఆగింది. "ఇదేమిటి?"

జమ్లి మొగుడి వైపు ఒక్క క్షణం చూసింది.

"సాంబమూర్తి అన్న టీవీ సార్. పాల్వంచల రిపేరుకిద్దామని తెచ్చుకున్నడు. సూడుండ్రి, బొమ్మ రాదు."

సాంబమూర్తి గబగబా తల ఊపాడు.

గురవయ్య సారు మీటరు పెట్టి చూశాడు. "బ్రహ్మాండం. నిండుగా ఉంది. బాగా కాపాడారు."

పొగడ్త వినగానే హీరాలాల్‌కు పాత రోగం తిరగబెట్టింది. "అంత గొంగడి మహిమ సార్!"

"గొంగడి ఏమిటి?"

"ఏ గొంగడి కొడకా?" సక్రి కుట్టు మీంచి తలెత్తింది. "రోజంత నేను కప్పుకొని పండుకుంటున్న, అదేనా? నాలుగు కొట్టకముందే కోడలు నా మీదికెళ్ళి గుంజుకపోయి పలక మీద పరుస్తది. నాకేమో చలి."

భీమయ్య మొదలుపెట్టిన నవ్వు అడవి దాకా పోయింది. హీరాలాల్ తల వంచుకుని గోడ మీది డబ్బాను శ్రద్ధగా చూడసాగాడు.

గురవయ్య సారు కూడా నవ్వాపుకుని కాగితం తీశాడు. "పన్నెండిళ్ళకూ రాస్తున్నాను. కానీ వారానికోసారి అన్ని పలకలూ తుడిచి, బ్యాటరీలు చూసే మనిషి తండాలోనే ఉండాలి."

"మా ఆయన ఉన్నడు గద సార్," అన్నది జమ్లి. "పదహారేండ్ల అనుభవం. ఆదివారం సాయంత్రం పూట తీరికగుంటడు."

హీరాలాల్ నోరు తెరిచాడు. పన్నెండు మంది ఆడవాళ్ళు ఆశగా తన వైపే చూస్తున్నారు. నోరు మూసుకున్నాడు.

ఎండలు ముదిరేలోపు పన్నెండు పలకలూ వచ్చాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం, కొత్తగూడెం క్వార్టర్లలో సినిమా మొదలయ్యే వేళకు, హీరాలాల్ భుజాన తడిబట్ట వేసుకుని తండాలో నిచ్చెనలెక్కుతాడు. మొన్న నాలుగో ఇంటి పలక తుడిచేసరికి పొద్దు గుంకింది. కింద ఒక్కో ఇంట్లో లైటు వెలగడం మొదలైంది. తెరిచిన తలుపులోంచి ద్వాలి ఇంట్లో పొయ్యి పక్క నేల గచ్చు పగుళ్ళతో సహా కనిపిస్తోంది. ఆయనకు గుండె నిండినట్టయింది. ఇదంతా తన తండా అనుకుంటూ కాసేపు ఇంటి మీదే కూర్చుండిపోయాడు.

కింద నిచ్చెన పట్టుకున్న జమ్లి తలెత్తింది.

"కూసున్నది చాలు, దిగు. ఇంక తొమ్మిదిండ్లున్నయి."

హీరాలాల్ దిగాడు.