పదకొండులోనే డిగ్రీ

ఆ రోజు హేమసుందర్ వేసుకున్న లెక్క చిన్నది. పదిన్నర పరీక్షకు కూతురు నవ్యశ్రీని దింపాలి, పదకొండుకు ఢిల్లీ జనక్‌పురిలో తన స్టీలు సామాన్ల కొట్టు తెరవాలి. అమ్మాయిది పదకొండో తరగతి. గ్రాఫులు గీసే కాల్‌క్యులేటర్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నారు. ముందురోజే బేర్ సరాయ్‌లో శివరామకృష్ణ పాత పుస్తకాల దుకాణంలో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

కొన్న సరుకును ఇంటికొచ్చాక మరోసారి తట్టి చూడటం అతని అలవాటు. కూతురు జడ వేసుకుంటుండగా మీటలు నొక్కాడు. తెరమీద రెండు మాటలు కనిపించాయి: రేడియన్, డిగ్రీ. రేడియన్‌లో ఉంది. అదేమిటో అతనికి తెలియదు. డిగ్రీ తెలుసు. ఇంటర్ పిల్లకు డిగ్రీ సరుకు ఇస్తే లాభమే కదా అని మార్చేశాడు.

పావుగంటకు నవ్యశ్రీ కేక పెట్టింది. "నాన్నా, సైన్ గ్రాఫ్ అలలా రావాలి. సీధా గీత వస్తోంది! ఇలాగే ఉంటే నాకు సున్నా!"

"సెల్లులు నీరసించి ఉంటాయి" అంటూ నాలుగూ మార్చాడు. అదే గీత ఇంకాస్త నల్లగా వచ్చింది.

"మోసం! పద, అతని మొహానే కొట్టి వద్దాం" అని ఆటో పిలిచాడు.

విషయం విని శివరామకృష్ణ కళ్లజోడు సవరించుకున్నాడు. "డిగ్రీలో ఉందా అండీ?"

"లేదు, పదకొండులో ఉంది."

"అది కాదండీ. రేడియన్‌లో పెట్టాలి."

హేమసుందర్‌కు అంతా అర్థమైపోయింది: పొద్దున తెరమీద చూసింది ఏదో కోచింగ్ సెంటర్ పేరన్నమాట. ఆ వీధి గోడల నిండా కోచింగ్ సెంటర్ల పోస్టర్లే. "పెట్టను! మా పిల్ల ఇప్పటికే ఒక కోచింగ్‌కు వెళ్తోంది. చెడిపోయిన సరుకు అంటగట్టి, పైగా రేడియన్‌లో చేర్పించమంటారా? తలకెంత కమిషన్ మీకు?"

"కమిషనా? ముప్పై ఏళ్ల దుకాణమండీ ఇది!"

"ఓహో, ముప్పై ఏళ్లుగా ఇదే పనన్నమాట!"

పది దాటింది. నవ్యశ్రీ "ఏక్ మినిట్, అంకుల్" అని కాల్‌క్యులేటర్ లాక్కుంది. "ఈ సెట్టింగ్ ఎవరు మార్చారు? డిగ్రీ అంటే కోణాల కొలత నాన్నా, కాలేజీ కాదు!" రెండు మీటలు నొక్కగానే అల లేచింది.

హేమసుందర్ తగ్గలేదు. "నేనే మార్చాను. నా కూతురు ఇంటర్‌తో ఆగే పిల్ల కాదు."

శివరామకృష్ణకు పౌరుషం పొడుచుకొచ్చింది. "అంత మాట అన్నాక నా సరుకు మీ దగ్గర ఉండటానికి వీల్లేదు. డబ్బు తీసుకుని ఇలా ఇచ్చేయండి!"

నవ్యశ్రీ మొహం పాలిపోయింది. తిరిగి ఇచ్చేయడానికే అంత దూరం వచ్చిన హేమసుందర్, కాల్‌క్యులేటర్‌ను కూతురి సంచిలోకి తోసి, శివరామకృష్ణ తలకు పైన గోడ మీది రాతను చూపించాడు.

"చదవండి మాస్టారూ. మీరు రాయించిందే. 'బికా హువా మాల్ వాపస్ నహీ హోగా!' అమ్మిన సరుకు వెనక్కి తీసుకోరట!"

శివరామకృష్ణ వెనక్కి తిరిగి చదువుకునేలోగా తండ్రీకూతుళ్లు ఆటో ఎక్కేశారు. పరీక్షకు ఇంకా పావుగంట ఉంది.

నాన్న మళ్లీ మీటలు నొక్కకుండా దారి పొడవునా నవ్యశ్రీ ఆ సంచి మీదే కూర్చుంది.