జానెడు దంతం

ఆదివారం ఉదయం లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది. భోజనాల బల్ల మీదున్న, కంప్యూటరు చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ మిషనులో టేకు చెక్క బిగించాలి, మీట నొక్కాలి, గడ్డం గీసుకుని వచ్చేసరికి వదినగారి పళ్ళ ఆస్పత్రి బోర్డు తయారవ్వాలి. పది గంటలకు ఆస్పత్రి ప్రారంభం. "బోర్డు మా ఆయనే చెక్కుతారు, నువ్వు ఎక్కడా చేయించకు" అని భార్య తన అక్కకు మాటిచ్చేసింది. మాట పోతే మిషను పాత ఇనుప సామాన్లవాడి బండెక్కుతుందని భర్తకూ చెప్పేసింది.

మిషను సంగతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. స్టెప్పర్ మోటారు అంటే చెప్పినన్ని అడుగులే వేసే మోటారు. అది తిరిగితే లీడ్‌స్క్రూ అనే, ఒంటి చుట్టూ మరలున్న పొడవాటి కడ్డీ తిరుగుతుంది, కడ్డీ తిరిగితే దాని మీది నట్టు జరుగుతుంది, నట్టుతో పాటు చెక్కే కట్టరు జరుగుతుంది. అడ్డంగా నడిపే కడ్డీ కీచుమంటోందని మాస్టారు ముందురోజే కొత్తది వేశాడు. పాతదెంత లావో ఇదీ అంతే లావు, అంతే పొడవు. ఇక చూడాల్సిందేముంది? లావూ పొడవూ చూసి మనుషులకే పెళ్ళిళ్ళు చేసేస్తున్నారు, కడ్డీ ఎంత!

ఒక చెంప గీయడం అయిందో లేదో, హాల్లో ధన్‌మని చప్పుడు. మళ్ళీ ధన్. మాస్టారు మొహం నిండా నురగతో పరుగెత్తుకొచ్చాడు. కట్టరు బండి ఫ్రేము చివరకంటా పోయి గోడను పొట్టేలు కుమ్మినట్టు కుమ్ముతోంది. బల్ల మీది గ్లాసులు ఒక్కొక్కటే నడుచుకుంటూ వెళ్ళి కింద పడుతున్నాయి. మిషను ఆపి చూస్తే చెక్క మీద మూడు వేళ్ళ వెడల్పు ఉండాల్సిన దంతం జానెడు సాగి పడుకుంది. పక్కన ఒక్క అక్షరం, అదీ నిద్రపోతున్న పాములా ఉంది. మిగతా పేరుకు చెక్కలో చోటే లేదు.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "బాగుంది అల్లుడుగారూ. దిండే కదా?"

భార్య వీధి గుమ్మంలోకి వెళ్ళి, ఇనుప సామాన్లవాడి బండి వస్తోందేమో చూసి వచ్చింది.

మోటారుకు బలం చాలక అడుగులు తప్పుతోందని మాస్టారు తేల్చేశాడు. అడుగులు తప్పితే బొమ్మ కురచవుతుంది గానీ సాగదు. ఆ మాత్రం ఆలోచిస్తే కథ అక్కడే ఆగేది. ఆయన ఆలోచించలేదు, మోటారుకు కరెంటు పెంచాడు. వేరే చెక్క లేదు కాబట్టి వంటింటి అలమారా తలుపు ఊడదీసి బిగించాడు. ఈసారి దంతం మళ్ళీ జానెడే వచ్చింది. బలం పెరిగిన మోటారు మాత్రం మిషనును మిషనే ఈడ్చుకుంటూ బల్ల అంచుకు తీసుకెళ్ళింది. సరిగ్గా అప్పుడే అత్తగారికి పెద్దకూతురు, అదే ఆస్పత్రి వదినగారు, ఫోను చేసింది. అత్తగారు ఎత్తి "అల్లుడు... మిషను..." అన్నంతలో మిషను ముందుకాళ్ళు గాల్లోకి వచ్చాయి. ఆవిడ చేతిలో ఫోను జారి నేలమీద పడి ఊరుకుంది.

మాస్టారూ భార్యా కలిసి మిషనును కౌగిలించుకుని వెనక్కి లాగారు. ఆయన పాత కడ్డీ చేతిలోకి తీసుకుని నట్టును ఒక్క చుట్టు తిప్పాడు. కాస్త జరిగింది. కొత్త కడ్డీ మీద ఒక్క చుట్టు తిప్పాడు. నాలుగింతలు జరిగింది. దీనికి నాలుగు మరలు పక్కపక్కనే చుట్టి ఉన్నాయి. లావు ఒకటే, నడక వేరు.

ఇక ఒక్క అంకె దిద్దితే చాలు. కట్టరు ఒక మిల్లీమీటరు జరగడానికి మోటారు ఎన్ని అడుగులు వేయాలో చెప్పే అంకె అది. కడ్డీ నాలుగింతలు పోతోంది కాబట్టి అడుగులు నాలుగో వంతుకు తగ్గించాలి. పదిమంది పిల్లలకు లెక్కలు నేర్పే మనిషి, నాలుగు అనే మాట బుర్రలో పడగానే, నాలుగుతో హెచ్చవేశాడు. టేకు చెక్క వెనక్కి తిప్పి, బిగించి, మీట నొక్కాడు.

అదే సమయంలో నాలుగింతల అడుగులు వేసే వేగం అందుకోలేక మోటారు కీచుమని అరిచి నిలబడిపోయింది. పక్కకు పోవడం బందు. కట్టరు మాత్రం ఉన్నచోటే ముందుకూ వెనక్కూ తిరుగుతూ, డాక్టరు పేరూ, డిగ్రీలూ, వేళలూ అన్నీ ఒకే నిలువు గీతలో చెక్కేసింది.

అప్పుడే తలుపు తోసుకుని వదినగారు దూదీ కట్టు గుడ్డలూ పట్టుకుని, వెనకాల మొగుణ్ణి లాక్కుంటూ వచ్చిపడింది. ఫోను తెగిపోయేసరికి మరిది చెయ్యి మిషనులో పోయిందనుకుని, వచ్చిన అతిథుల్ని ఆస్పత్రి మెట్ల మీదే వదిలేసి వచ్చింది. మాస్టారి వేళ్ళు లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. ఒక చెంప నురగా, తలుపు లేని అలమారా, ఒకే గీతలో తన పేరూ చూసి నిలువునా కొయ్యబారిపోయింది.

భార్య గోడ గడియారం వైపు చూసింది. "బోర్డు..." అంది.

తోడల్లుడు మంచివాడు, అదే అతనితో చిక్కు. "బోర్డు గురించి కంగారు పడకమ్మా. షాపులో ఎప్పుడో చేయించేశాం, పొద్దున్నే తగిలించేశాం కూడా" అన్నాడు.

మాస్టారు మిషను తీగలు తనే పీకడం మొదలుపెట్టాడు, బండివాడి పని తేలికవుతుందని.

"ఆగండి" అంది భార్య. అక్క వైపు తిరిగింది. "అంటే మా ఆయన చెయ్యలేడని ముందే అనుకున్నావా?"

"చెయ్యలేదు కదే మరి."

"చెయ్యలేదు. తిడితే నేను తిడతాను. నువ్వెవరే ముందుగా తీర్పు చెప్పడానికి?" తీగలు మాస్టారి చేతిలోంచి లాక్కుని ఎక్కడివక్కడ గుచ్చింది. టేకు చెక్క ఊడదీసి, పొట్టు తుడిచి, దంతం పైకి వచ్చేలా అక్క చేతుల్లో పెట్టింది. "నీ కుర్చీలో కూర్చున్నవాడికి ఎదురుగా కనపడాలి. సాయంత్రం వచ్చి చూస్తాను."

అక్క ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రానికి జానెడు దంతం గోడకెక్కింది. దాన్ని చూసిన ప్రతివాడూ చెప్పకుండానే నోరు తెరుస్తున్నాడు గనుక, డాక్టరు ఇంతవరకూ దాన్ని దించలేదు.