అశోక్‌నగర్ అశోకారిష్టం

"ఈ గృహంలోకి మందు అడుగుపెట్టినచో, తెచ్చినవారు అడుగు బయటపెట్టవలెను!"

అశోక్‌నగర్‌లో ఓ ఇంటి గేటుకు వేలాడే శాసనమిది. శాసనకర్త ఇంటి ఓనరు శ్రీరామమూర్తిగారు. మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు. సభ్యుడు కూడా ఆయనొక్కడే!

పై వాటాలో కిరాయికి ఉన్న అనూహ్య, సృజన్‌లకు పెళ్లయి నాలుగు నెలలు. కుక్కర్ కూసినా ఇద్దరికీ నవ్వొచ్చే రోజులు. ఆఫీసు పనిమీద బెల్జియం వెళ్లిన సృజన్ రెండు ఘాటైన నల్ల బీరు సీసాలు తెచ్చాడు.

"ఇప్పుడే తాగొద్దు అనూ. ఆవకాయ లెక్క, మాగితేనే రుచి. చీకట్ల, చల్లగ ఉంచాలె. ఒకటి మొదటి పెండ్లిరోజుకు, ఇంకోటి ఐదోదానికి."

"మే నెలల, హైదరాబాద్‌ల, చల్లగనా? మనమే మాగిపోతున్నం!"

నిజమే. మంచం కింద పెడితే సీసా చాయ్ గ్లాసులా వేడెక్కింది. ఫ్రిజ్‌లో పెడదామంటే, పెరుగు తోడు కోసం ఓనరుగారి భార్య దమయంతి రోజూ వచ్చి దాని తలుపు తీస్తుంది. ఇంటి మొత్తానికి చల్లని చోటు ఒక్కటే: మెట్ల కింద ఆవిడ ఆవకాయ జాడీల గది. అనూహ్య లేబుళ్లు ఊడబీకి, 'అశోకారిష్టం' అని రాసి అంటించి, సీసాలను అక్కడ పెట్టింది.

"కొత్త పెండ్లిపిల్లవు, అప్పుడే అరిష్టమేందమ్మా?" అంది దమయంతి.

"ఆడోళ్ల మందు, ఆంటీ. ఎండ తగలొద్దంట."

మందన్న మాటలో అబద్ధం లేదు!

ఎండాకాలమంతా సీసాలకు తడి గోనెపట్ట చుట్టి, చంటిపిల్లల్లా చూసుకుంది. జనవరిలో పెళ్లిరోజు రానే వచ్చింది. కొత్త చీర కట్టుకుని వెళ్లి సీసా ఎత్తితే ఏముంది? ఖాళీ! ఆమె కేకకు ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు.

శ్రీరామమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. "నడుము నొప్పికి ఒక్క చెంచా సేవించితిని."

"అంకుల్, అది ఆడోళ్లది!" అంది అనూహ్య.

"ఔషధానికి ఆడా మగా ఏమిటమ్మా! అయినా దసరాకే బిరడా తీయడం నాదే తొందర. ఇంకో రెండేండ్లు ఆగితే చేదు దిగి ఖర్జూరం రుచి వస్తుండె. బెల్జియం సరుకంటే..."

నాలుక కరుచుకున్నారు. ఆలస్యమైంది.

దమయంతి గేటువైపు వేలు చూపింది. "ఇగ అడుగు బయటపెట్టుండ్రి!"

"సరిగా చదువు! 'తెచ్చినవారు' అనుంది, 'తాగినవారు' అని లేదు!"

అందరి చూపూ సృజన్ మీద పడింది. పెళ్లిరోజున సామాన్లు సర్దుకోవాలా?

"జర ఆగుండ్రి," అంది దమయంతి. "తెచ్చింది మందైతే మీరు తాగుబోతు. ఔషధమైతే పిల్లలు ఇంట్లనే ఉంటరు. ఏదో ఒకటి చెప్పుండ్రి."

శ్రీరామమూర్తిగారు గేటును చూశారు. భార్యను చూశారు.

"ఔషధమే," అన్నారు నీరసంగా.

"అనూహ్యా, ఆ రెండో సీసా తియ్యమ్మా," అంటూ దమయంతి లోపలికెళ్లి మూడు గ్లాసులు తెచ్చింది. "ఆడోళ్ల మందు గద, నాక్కూడ జర పొయ్యి!"