ఈ యేటి జీవితాంతం

స్వస్తి! మొరావా నదీతీరమున, సూర్యుడు సైతం సెలవుచీటీ పెట్టిన మంచుపట్టిన సోమవారమున, పురపాలక సహాయనిధి కార్యాలయమను దుర్భేద్య దుర్గమును ముట్టడించిన మోకాళ్ళనొప్పిపీడిత, ఉన్నికండువాధారిణి, అప్రతిహత వాగ్ధాటి దెసాంక మామ్మ విజయగాథను వినుడు.

ఆమె మనవరాలు నెవెనకు రాజధానిలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. మధుమేహ రాక్షసి చిన్ననాడే ఆ పిల్ల ఒంట్లో కాపురం పెట్టింది. షుగర్ పడిపోతే కూతపెట్టి లేపే సెన్సార్ చేతికి ఉండాలి. దానికి విద్యార్థి సహాయం మంజూరు కాకపోతే అద్దెగదికి ఒంటరిగా పంపనని తల్లి భీష్మించుకు కూర్చుంది.

మామ్మ చంకలోని మహాస్త్రం రిబ్బను కట్టిన చాక్లెట్ల పెట్టె. మా ఊళ్ళో అలాంటి పెట్టె పండుగకొక ఇంటికి, పురుటికొక ఇంటికి ఏళ్ళతరబడి తిరుగుతుందే గాని, ఎవరూ విప్పరు. షుగర్ జబ్బు అర్జీలు తీసుకునే కిటికీకి చాక్లెట్లేమిటని నెవెన అడిగితే, ఉత్తచేతుల్తో ఎవరైనా పోతారా అని మామ్మ కసిరింది.

కిటికీ వెనుక స్టాంపాయుధధారిణి, నిరంతర కాఫీపానలోల, సకలజనోపేక్షాధురంధర ల్యూబింక కొలువుదీరి ఉంది. డాక్టరు చీటీని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది.

“జబ్బు జీవితాంతం ఉంటుందని రాశారు కదమ్మా,” అంది మామ్మ.

“అది పోయినేటి జీవితాంతం, పెద్దమ్మా. ఈ యేటిది పట్టుకురండి.”

ఆహా, ఏమి ప్రజ్ఞ! లోకంలోని వైద్యులందరికీ లొంగని వ్యాధి ఈ మహాతల్లి సొరుగులో ఏటేటా దానంతటదే నయమైపోతుంది కాబోలు! వరుసలో వెనకే నిలబడ్డ నాకు ఒళ్ళు మండిపోయింది.

మామ్మ పెట్టెను కిటికీలోకి తోయబోతుండగా నెవెన ముఖం పాలిపోయింది, చేతులు వణికాయి. నిలబడి నిలబడి షుగర్ పడిపోయింది. అంతట ఆ వృద్ధసింహి, తరతరాల ఆచారమును తృణీకరించి, రిబ్బనును ఫెళ్ళున తెంచెను! లోపల చాక్లెట్లు వయసు మీరి తెల్లబడి ఉన్నాయి. ఒకటి మనవరాలి నోట్లో పెట్టింది. వెంటనే ఇంకొకటి. తనకు రావలసిన లంచం కళ్ళముందే తరిగిపోతుంటే ల్యూబింక కాఫీకప్పు కింద పెట్టేసింది.

“మొత్తం తినిపించేస్తారా ఏంటి?”

“జబ్బుందో లేదో రుజువు కావాలన్నావుగా, చూడు మరి. పెట్టె ఖాళీ అయ్యాక నన్నడగొద్దు.”

స్టాంపు పిడుగువలె పడెను. మిగిలిన చాక్లెట్లు సొరుగు చేరెను. నెవెన బుగ్గలకు మళ్ళీ రంగొచ్చింది.

దిక్కులు పిక్కటిల్లగా చాటుచున్నాను: నెవెన జబ్బుమనిషేనని రాజ్యం ఒక ఏడాదికి ఒప్పుకుంది! జయము! దిగ్విజయము!

మెట్లు దిగుతూ నెవెన, “మామ్మా, ఈలోగా నాకు నయమైపోతేనో?” అని నవ్వింది.

ఆ పిల్లకు నయం కావాలని ప్రతి ఆదివారం చర్చిలో కొవ్వొత్తి వెలిగించే ముసలావిడ కాసేపు ఆలోచించింది.

“ఈ యేటికి వద్దులే తల్లీ. ఇంత కష్టపడి తెచ్చుకున్నాం.”