నిప్పట్ల న్యూస్‌లెటర్‌లో ఇరవై మూడు ఫోటోలు

"వర్తూరు చరిత్రలోనే మొట్టమొదటి నిప్పట్ల న్యూస్‌లెటర్ విడుదల చేస్తా ఉండాం!"

మునీంద్రన్న ఈ ప్రకటన చేసినప్పుడు ఆయన వంటింట్లో హాజరైనవాళ్ళం ముగ్గురం. ఆయన, ఆయన భార్య రంజిత, పై వాటాలో అద్దెకుండే నేను.

మునీంద్రన్న బెంగళూరు శివారు వర్తూరులో మా వార్డు పార్టీ యువజన విభాగం ప్రధాన కార్యదర్శి. వయసు నలభై ఏడు. యువతకు అనుభవం ఉన్న నాయకత్వం కావాలి కదా. రంజిత ఇంట్లోనే నిప్పట్లు, అంటే కరకరలాడే బియ్యప్పిండి చెక్కలు, చేసి అమ్ముతుంది. వినాయక చవితి ముందురోజు వచ్చే గౌరీ పండగకని అరవై కేజీలు చేసి డబ్బాల్లో పెట్టింది. పండగ దాటితే మెత్తబడిపోతాయి, అడిగేవాడుండడు. రెండు వందల పన్నెండు మంది పాత కస్టమర్ల ఈమెయిల్ అడ్రసులు నా కంప్యూటర్లో ఉన్నాయి.

"రెండు లైన్లు రాసి పంపన్నా, చాలు. నిప్పట్లు రెడీగా ఉండాయి, ఫోన్ చేయండి అని" అంది రంజిత నాతో.

మునీంద్రన్న జాలిగా నవ్వాడు. "రెండు లైన్లు ఎవరు చదువుతారే? డిజైన్ స్టాన్లీతో చేయిస్తా."

స్టాన్లీది ఫ్లెక్సుల షాపు. వర్తూరులో ఎవరికి పదవి వచ్చినా, పోయినా ఫ్లెక్సు అతనిదే.

"సైజెంతన్నా? ట్వెల్వ్ బై ఎయిటా?"

"ఈమెయిల్ అప్పా ఇది."

"సరేన్నా. కట్టేదానికి కట్టెలు మీరే తెచ్చుకుంటారా, నేనే ఇయ్యాలా?"

మర్నాటికి డిజైన్ వచ్చింది. పైవరసలో రాష్ట్ర నాయకులు ఐదుగురు. నడుమ చేతులు జోడించిన మునీంద్రన్న నిలువెత్తు ఫోటో. కింద శ్రేయోభిలాషులు పదిహేడు మంది. మొత్తం ఇరవై మూడు.

"నిప్పట్టు యాడుండాది?" అంది రంజిత.

"అద్దో, నా బూటు పక్కన."

ఉంది. రూపాయి బిళ్ళంత.

"ఫోన్ నంబరు?"

"జాగా లేదే. మన నంబరు తెలీనోళ్ళు ఎవరుండారు?"

నేను సెండ్ నొక్కాను. ఫైలు బరువుకి రెండు వందల పన్నెండు ఈమెయిళ్ళూ తిరిగొచ్చాయి. ఇంతమంది ఒకేసారి సొంతగూటికి రావడం ఈమధ్య రాజకీయాల్లో కూడా నేను చూడలేదు. మునీంద్రన్న చలించలేదు. "రీచ్ ముఖ్యమప్పా" అంటూ దాన్నే పార్టీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే మాజీ కార్పొరేటర్ జయరామప్ప గేటు దగ్గర నిలబడి అరుస్తున్నాడు. "ఏయ్ మునీంద్రా! మొన్న చేరినోడి కింద నా ఫోటో వేస్తావా? ఇరవై ఏండ్లు జెండా మోసినా అప్పా!"

మునీంద్రన్న అత్యవసర పార్టీ పని మీద వెనక గుమ్మం గుండా బయల్దేరాడు.

"కూర్చోన్నా, ఇప్పుడే వస్తాడు" అని రంజిత ప్లేటు పెట్టింది. జయరామప్ప కోపంగా ఒకటి కొరికాడు. నిప్పట్టు నములుతూ తిట్టడం కష్టం. ఆయన తిట్టడం మానేశాడు.

నాలుగో నిప్పట్టు దగ్గర, "ఎవరు చేసినారు తల్లీ ఇవి?" అన్నాడు.

"నేనే అన్నా. మీ ఫోటోకి పైన, బూటు పక్కన ఉండాదే, అదే ఇది."

రెండు కేజీలు కట్టించుకుని వెళ్ళాడు. ఆ వెనకే ఫోటో చిన్నదైందని ఒకాయన, హోదా తప్పు పడిందని ఇంకొకాయన, పక్కన శత్రువును నిలబెట్టారని ఒకేసారి ఇద్దరు, ఇలా రోజంతా వస్తూనే ఉన్నారు; ఎవరూ ఉత్త చేతులతో వెళ్ళలేదు. అసలు ఫోటోనే వేయలేదని వచ్చినాయన మునీంద్రన్న కోసం మధ్యాహ్నందాకా కూర్చుని, తినీ తినీ, అందరికన్నా ఎక్కువగా తొమ్మిది కేజీలు తీసుకున్నాడు.

సాయంత్రం మునీంద్రన్న వచ్చి ఖాళీ డబ్బాలు చూశాడు.

"చూసినావా న్యూస్‌లెటర్ పవరు!" అని, ఈ విజయానికి తనను తాను అభినందించుకునే ఫ్లెక్సు కోసం స్టాన్లీకి ఫోన్ చేయడానికి బయటికెళ్ళాడు.

రంజిత డబ్బాలు తుడుస్తూ అంది. "అన్నా, దీపావళికి నూరు కేజీలు చేస్తా. అప్పటి లెటర్‌లో జయరామప్పన్న ఫోటో తీసేయమని స్టాన్లీకి చెప్పు."

"పాపం, ఆయనేం చేశాడమ్మా?"

"ఏమీ చేయలేదు. దీపావళి అయినాక ఆయన కూతురి పెండ్లి ఉండాది."