పెద్దాయన ఒళ్ళు చల్లబడింది

ఆ ఉదయం ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బజారు తెరవగానే ఒక దీపం కొనాలి, ఇంటికి తెచ్చి బిగించాలి, కాస్త ఆలస్యంగా ప్రెస్సుకి వెళ్ళాలి. ఇంత చిన్న పథకమే సవ్యంగా సాగలేదంటే, పెద్ద పెద్ద పథకాలు వేసేవాళ్ళ గతేమిటో మీరే ఆలోచించండి.

దీపం పెద్దాయనకి. పెద్దాయనంటే తొండ. గోడల మీద తిరిగే మామూలు తొండ కాదు, మూరెడు పొడుగు, గొంతు కింద ముళ్ళ గడ్డం ఉన్న ఎడారి తొండ. పై వాటాలో అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని అట్టపెట్టెలో పెట్టి చెత్తకుండీ పక్కన వదిలేసి పోయారు. ప్రూఫ్‌రీడరు భార్య చెత్త పారెయ్యడానికి వెళ్ళి, చెత్త పారేసి, తొండని ఇంటికి తెచ్చింది. గడ్డం చూసి ఆ పేరు పెట్టింది కూడా ఆమే.

జాలిపడడం నిమిషం పని, పెంచడం పదేళ్ళ పని అని పశువుల డాక్టరు ముందే చెప్పాడు. అద్దాల పెట్టె కావాలి, పగలంతా వేడి దీపం వెలగాలి, ఆకుకూర సన్నగా తరిగి కాల్షియం పొడి చల్లాలి, బతికున్న కీచురాళ్ళని డబ్బాలో పెంచి మరీ పెట్టాలి. ఒళ్ళు చల్లబడితే తిన్నది అరగదనీ, అరక్కపోతే ప్రాణం మీదికొస్తుందనీ గట్టిగా హెచ్చరించాడు. కూతురి దగ్గరే ఉంటున్న ప్రూఫ్‌రీడరు అత్తగారు ఈ వైభోగమంతా చూసి, "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. మనింట్లో అల్లుడైంది," అంది. అసలు అల్లుడు చల్లారిన కాఫీ తాగుతూ ఆ మాట విన్నాడు.

ఆ రోజు తెల్లారేసరికి దీపం మాడిపోయి ఉంది. ప్రూఫ్‌రీడరు కంగారుగా ప్రెస్సుకి ఫోన్ చేసి క్యాషియరమ్మతో, "పెద్దాయన ఒళ్ళు చల్లబడిందండీ. కొంచెం ఆలస్యంగా వస్తాను," అన్నాడు. అచ్చులో కామా తప్పిపోయినా పట్టుకునే మనిషి, తన నోట్లోంచి ఊడిపడ్డ వాక్యాన్ని మాత్రం సరిచూసుకోలేదు. ఫోను బల్ల మీదే మరిచిపోయి బజారుకి పరిగెత్తాడు.

ప్రెస్సులో పెద్దాయన గురించి అందరికీ తెలుసు. అంటే, తెలుసనుకున్నారు. లేత ఆకులు తప్ప ముట్టడనీ, పొద్దస్తమానం దీపం కింద పడుకునే ఉంటాడనీ, గోరువెచ్చటి నీళ్ళతో అల్లుడే స్నానం చేయిస్తాడనీ విని విని, ఆయన మామగారే అయ్యుంటాడనుకుని, ఈ రోజుల్లో మామగారికి ఇంత సేవ చేసేవాళ్ళుంటారా అని యజమాని నలుగురితోనూ చెప్పుకునేవాడు.

ఇక్కడ ఇంట్లో, పెద్దాయనని కిటికీ దగ్గర కాస్తంత ఎండలో కూర్చోబెట్టి, ఇంటావిడ అద్దాల పెట్టె కడగబోయింది. మోచెయ్యి తగిలి కీచురాళ్ళ డబ్బా దొర్లింది. మూత ఊడి అవన్నీ ఇల్లంతా గెంతడం మొదలుపెట్టాయి. తల్లి చీపురు పట్టుకుని, వాటిని తరమడానికి వీధి తలుపు బార్లా తెరిచింది. కీచురాళ్ళు బయటికి పోయాయి. ఎండకి కాళ్ళు కూడదీసుకున్న పెద్దాయన వాటి వెనకే పోయాడు. ఆ తరవాత మబ్బు పట్టి చలిగాలి మొదలైంది.

ఇంటావిడ భర్తకి ఫోన్ చేస్తే అది బల్ల మీదే మోగింది. ఏం తోచక ప్రెస్సుకి చేసింది. "ఆయన అక్కడికొస్తే చెప్పండి, పెద్దాయన వెళ్ళిపోయాడని," అంటూ ఏడ్చేసింది. ఇలాంటి కబురుకి ఎదురు ప్రశ్నలు వెయ్యడం మర్యాద కాదు కనక క్యాషియరమ్మ ఏమీ అడగలేదు. యజమాని యంత్రాలు ఆపించాడు. పెద్ద పూలదండ కొనిపించి, క్యాషియరమ్మని కారెక్కించుకుని, ఊరికి ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చి ఇంటి గోడవారన కారు ఆపాడు.

గుమ్మంలో ఇంటావిడ తల్లి కూలబడి ఉంది. యజమాని చేతులు జోడించి ధైర్యం చెప్పబోయాడు.

"తలుపు తీసింది నేనే బాబూ," అందామె. "నా చేతులారా నేనే పంపించేశాను."

యజమాని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బీరువా వెనక చూశాం, మంచాల కింద చూశాం. ఈ చలిలో ఏ తూములో దూరి ముడుచుకున్నాడో."

"తూములోనా?" అన్నాడు యజమాని.

"పురుగు కనబడితే ఆగడు బాబూ."

యజమాని క్యాషియరమ్మ వంక చూశాడు. క్యాషియరమ్మ దండ వంక చూసింది. అప్పుడే ప్రూఫ్‌రీడరు దీపం తీసుకుని వచ్చాడు. సంగతి విని మెట్ల మీద కూర్చుండిపోయాడు. పోయింది ఎవరయ్యా అని యజమాని నిలదీస్తే, "తొండండీ," అన్నాడు. "మా పెద్దాయన తొండ."

యజమాని ముఖం కందగడ్డ అయింది. దండ అక్కడే పడేసి, విసవిసా కారు దగ్గరికి నడిచాడు. తాళం చేతిలోకి తీసుకుని, అలాగే నిలబడిపోయాడు.

కారు బానెట్ మీద పెద్దాయన పొట్ట ఆనించి పడుకుని ఉన్నాడు. ఊరంతా దాటి వచ్చిన ఇంజను ఇంకా వేడిగానే ఉంది. గోడ మీది తీగల్లో చలికి బిగుసుకుపోయినవాడు, ఆ వేడి సోకి మెల్లగా దిగివచ్చినట్టున్నాడు. ప్రూఫ్‌రీడరు పరిగెత్తుకొచ్చి వేలితో వీపు తాకాడు. వెచ్చగా ఉంది. ఆ మనిషికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని యజమాని ముందుకొచ్చింది. "మీరెందుకొచ్చారో నాకు తెలీదు బాబూ. మీరు రాకపోతే మాత్రం నిజంగానే పోయేవాడు. మీ మేలు ఈ జన్మలో మరిచిపోను."

యజమాని తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకునే ఉన్నాడు. పరామర్శకని ఎన్ని ఇళ్ళకో వెళ్ళాడు గాని, తను వెళ్ళినందువల్ల ఒక ప్రాణం నిలబడడం ఇదే మొదటిసారి. ఆ ముసలామె చేతులు పట్టుకోవాలనిపించింది. తాళం జేబులో వేసుకుని, పూర్తిగా వేడెక్కేదాకా ఎవరూ ముట్టుకోవద్దని తనే అందరినీ దూరం జరిపాడు.

కాసేపటికి పెద్దాయన కళ్ళు తెరిచాడు. ముందుకాలు ఒకటి మెల్లగా పైకెత్తి గాల్లో ఊపాడు. ఎదురుగా తనకంటే పెద్ద ప్రాణి కనబడితే, నీ జోలికి రానని చెప్పడానికి ఆ జాతి అలా ఊపుతుంది. యజమానికి ఆ సంగతి తెలియదు. గబుక్కున రెండు చేతులూ జోడించి, నడుం వంచి, "నమస్కారమండీ," అన్నాడు.

రోజూ ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు పెట్టే నమస్కారానికి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తల ఊపి ఎరగడు.