బుజ్జమ్మ గుమ్మానికి సున్నం పట్టె

నూజివీడు పట్టణంలో వ్యభిచారాన్ని వచ్చే బుధవారం నుంచి రద్దు చేయాలని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. సోమవారం నుంచే రద్దు చేయవచ్చు గాని, ఆ రోజు బంగినపల్లి కోతలు. మంగళవారం శుభకార్యాలకు పనికిరాదు. అందుచేత బుధవారం ఖాయమైంది.

ఇది 1948 వేసవి నాటి మాట. మద్రాసు ప్రభుత్వం అప్పుడు వరసబెట్టి రద్దులు చేస్తోంది. కల్లు రద్దు చేసింది. జమీందారీలు రద్దు చేస్తానంటోంది. ఆడపిల్లలను దేవుడి పేర అంకితమిచ్చి మేళంలో దించే ఆచారాన్ని కిందటేడే చట్టం చేసి రద్దు చేసింది. మొదటి రద్దుతో పెద్దల నోరెండింది. రెండోదానితో నిద్ర చెడింది. మూడోదానితో మాత్రం తమ ఒంటిమీద ఈగ కూడా వాలదని తెలిసి, దాన్ని అమలు జరపడానికి అందరూ చొక్కా చేతులు పైకి మడిచారు.

అలా వెలిసిందే పతిత స్త్రీ సముద్ధరణ సంఘం. మామిడి షావుకారు లక్ష్మీనరసింహారావుగారు అధ్యక్షులు, వారి పళ్ళ మండీయే సభాస్థలం. చాట్రాయిలో తోటలున్న ఆసామి సీతారామాంజనేయులుగారు ఉపాధ్యక్షులు. ప్లీడరు సత్యనారాయణమూర్తిగారు కార్యదర్శి. ఊళ్ళో పతిత స్త్రీల ఇళ్ళు ఎక్కడున్నాయో విచారించడానికి ఒక మనిషిని పెట్టాలని ఎవరో అన్నారు గాని, ఆ అవసరం రాలేదు. సభ్యులందరికీ దారులు కంఠోపాఠం.

మొట్టమొదట ఉద్ధరించవలసిన ఇల్లు బుజ్జమ్మదని తేలింది. బుజ్జమ్మ నలభై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల పెద్దింటి పెళ్ళి ఏది జరిగినా ఒకప్పుడు ఆమె మేళం ఉండవలసిందే. అధ్యక్షులవారి పెళ్ళిలోనూ ఆమే పాడింది. ఆమె కాలికి గజ్జె కట్టిననాడు నీకిష్టమేనా అని అడిగినవాళ్ళు లేరు. కూతురు కల్యాణికి మాత్రం ఆమె గజ్జె కట్టలేదు. ఆ మేళాల వీధంతా ముక్కున వేలేసుకున్నా వినలేదు. పెద్దిళ్ళ ఆడపిల్లలు దొడ్డిదారిన వచ్చి సంగీతం నేర్చుకుపోతుంటే, ఆ వచ్చేదానితో ఇల్లు గడుపుతూ పిల్లను చదివించింది.

కల్యాణికిప్పుడు పదిహేడేళ్ళు. ఎనిమిదో తరగతి పాసయింది. ఏలూరులో ఆడవాళ్ళ ట్రైనింగు స్కూలువారు సీటిస్తామన్నారు. రెండేళ్ళు చదివితే పంతులమ్మ అవుతుంది. ఒక్కటే షరతు. తండ్రి గాని, ఊరి పెద్దమనిషి ఎవరైనా గాని గార్డియనుగా సంతకం పెట్టాలి. కల్యాణి తండ్రి ఎవరో ఊరందరికీ తెలుసు. బతికున్నన్నాళ్ళూ ఆయనకొక్కడికే తెలియలేదు. ఇప్పుడాయన లేడు. బడి తెరిచేలోగా పెద్దమనిషి సంతకం దొరక్కపోతే సీటు పోతుంది. సీటు పోతే పిల్ల ఈ వీధిలోనే ఉండాలి, ఈ వీధి ఎవరినీ ఖాళీగా ఉండనివ్వదు. బుజ్జమ్మ భయమల్లా అదే.

అందుకే సంఘం కబురు రాగానే ఆమె ఎగిరి గంతేసింది. ఒక పెద్దమనిషి కోసం ఊరంతా తిరుగుతుంటే, ముగ్గురు పెద్దమనుషులు వాళ్ళంతట వాళ్ళే ఉద్ధరిస్తామంటున్నారు. ఉతికిన చీర కట్టుకుని మండీకి వెళ్ళి, గడ్డిలో మగ్గుతున్న చిన్నరసాల పక్కన ఒదిగి కూర్చుంది.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. సీతారామాంజనేయులుగారు లేస్తూనే కళ్ళు తుడుచుకున్నారు. “ఈ సోదరీమణుల దుస్థితి చూస్తే నా హృదయం నీరైపోతోంది. వీరు మన తోడబుట్టిన ఆడపడుచులు!” అన్నారు. మొన్న ఉగాది దాకా ఆయన నోట ‘ఏమే’ తప్ప వేరే పిలుపు వినని బుజ్జమ్మ, ఉన్నట్టుండి కలిసిన ఈ చుట్టరికానికి ఎటు చూడాలో తెలియక రసాల వైపు చూసింది. అధ్యక్షులవారు లేచి, “ఆడపిల్ల అంటే పూత. పూత నిలిస్తేనే పిందె, పిందె నిలిస్తేనే కాయ. పూతను కాపాడటం సంఘం ధర్మం!” అన్నారు. మామిడిరైతులు చాలామంది ఉండటం చేత ఈ మాటకు చప్పట్లు బాగా పడ్డాయి. ప్లీడరుగారు చట్టం చదివి వినిపించి, అంకితం జరిపించేవాళ్ళను జైలుకు పంపవచ్చునని హెచ్చరించారు.

బుజ్జమ్మ చేతులు జోడించి లేచింది. “పిల్లని దించినవాళ్ళకి జైలు సరేనండి. దిగిన పిల్ల కోసం గుమ్మంలో కాసుక్కూర్చున్నవాళ్ళకేంటండి?”

“ఆ అంశం ఈ సంఘం పరిధిలోకి రాదు,” అన్నారు ప్లీడరుగారు.

“పోనీలెండి. మా కల్యాణికి ఏలూరులో సీటొచ్చింది. మీలో ఎవరో ఒకరు గార్డియనుగా ఓ సంతకం పెడితే చాలు. ఇంకేం వద్దు బాబూ. మీ పేరు చెప్పుకుని బాగుపడతాది.”

అధ్యక్షులవారు ఉపాధ్యక్షులవారిని చూశారు, ఆయన కార్యదర్శిని చూశారు, కార్యదర్శి మళ్ళీ చట్టంలోకి చూశారు. చివరికి లక్ష్మీనరసింహారావుగారు గొంతు సవరించుకున్నారు. “చూడు బుజ్జమ్మా, సంఘం సమష్టిగా ఉద్ధరిస్తుంది గాని, విడివిడిగా ఉద్ధరించదు. నేనొక్కణ్ణి నీ కూతురికి గార్డియనంటే నలుగురూ ఏమనుకుంటారు?” సంతకం విషయం తదుపరి సమావేశానికి వాయిదా పడింది. బుజ్జమ్మ ఇంటిదాకా ఏడుస్తూనే నడిచింది. పడ్డవాళ్ళ కోసం పెట్టిన సంఘానికి తోసినవాళ్ళు అధ్యక్షులేమిటని తనలో తాను తిట్టుకుంది. పైకి తిట్టలేదు, సంతకం ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది మరి.

బుధవారం రానే వచ్చింది. చట్టాన్ని అమలు జరపడమెలాగో అధ్యక్షులవారికి ఎవరూ నేర్పలేదు. ఆయనకు తెలిసిన పరిపాలన ఒక్కటే, తోటల పరిపాలన. నూజివీడు సీమలో షావుకార్లు తోటను పూత మీదనే కొంటారు. బేరం కుదిరాక గట్టు మీది మొదటి చెట్టు మొదలుకు అడ్డంగా సున్నం పట్టె వేయిస్తారు. ఇక ఆ తోట జోలికి మరొకరు రారు. పక్కన కాపలావాణ్ణి పెడతారు. అధ్యక్షులవారు బాగా ఆలోచించి, ఉద్ధరించిన ఇల్లు ఇదని అందరికీ తెలియడం కోసం బుజ్జమ్మ గుమ్మానికి సున్నం పట్టె వేయించారు. అరుగు మీద తమ తోట కాపలాదారు పున్నయ్యను కూర్చోబెట్టారు.

పున్నయ్య విధి తప్పని మనిషి. తోటలో కోతుల్ని తోలే వడిసెల, ఖాళీ కిరసనాయిలు డబ్బా వెంట తెచ్చుకున్నాడు. గుమ్మం దగ్గర మనిషి అలికిడైతే చాలు, డబ్బా దడదడ వాయించేవాడు. కల్యాణి నీళ్ళకు బయలుదేరితే వాయించాడు. చాకలి వస్తే వాయించాడు. సంగీతం నేర్చుకునే పిల్లలు దొడ్డిదారిన వస్తే అటు పరిగెత్తి మరీ వాయించాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. వాళ్ళతోపాటే ఆ ఇంటికి వచ్చే రాబడీ ఆగిపోయింది.

“అమ్మా, నేను ఏలూరెళ్ళేలోగా ఈ ఉద్ధరణ అయిపోద్దంటావా?” అంది కల్యాణి పెట్టె సర్దుకుంటూ. ఆమె రోజూ పెట్టె సర్దేది, సాయంత్రానికి బట్టలు తీసి కట్టుకునేది.

“నోర్ముయ్యవే, వింటే ఇంకో డబ్బా పంపిస్తారు,” అంది బుజ్జమ్మ.

సంతనాడు చాట్రాయి నుంచి, చింతలపూడి నుంచి మామిడి బళ్ళు ఊళ్ళోకి దిగాయి. బండి తోలేవాడి నుంచి ఆసామి దాకా అందరికీ సున్నం పట్టె అర్థం తెలుసు. చింతలపూడి రైతు ఒకాయన బండి ఆపి మరీ అడిగాడు.

“ఏంటి పున్నయ్యా, ఇది ఎవరు కొన్నారు?”

“మా షావుకారు గారండి.”

“ఎప్పుడు?”

“మొన్న మండీలో మాట్లాడుకున్నారండి. ప్లీడరు గారు కాయితాలు కూడా చదివారు.”

పున్నయ్య అబద్ధమాడే రకం కాదు కాబట్టి, సాయంత్రానికి వార్త ఊరంతా పాకింది. షావుకారు పూత మీదే బేరం చేశాడని సంతలో జనం మెచ్చుకున్నారు. ఒకరిద్దరు ఈ ఏడు కాపు బాగుంటుందని కూడా అన్నారు. సీతారామాంజనేయులుగారికి మాత్రం మండిపోయింది. “సంఘం ముగ్గురిదీ అయితే పట్టె ఒక్కడిదేంటండీ? ఉద్ధరణలో నాకు భాగం లేదా?” అని మండీలో కేకలేసి, మర్నాడు తన మనిషిని పంపి రెండో పట్టె వేయించారు. ప్లీడరుగారు వివాదాలకు దూరంగా ఉండే మనిషి. తమ హక్కులకు భంగం కలగకుండా మాత్రం మూడోది, సన్నగా, కింద వేయించారు. గుమ్మం చూస్తే విభూతిరేఖలు పెట్టుకున్నట్టుంది.

ఆ రాత్రి షావుకారుగారింట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. తెల్లారేసరికి ఆయన సతీమణి నాగేశ్వరమ్మగారు బుజ్జమ్మ గుమ్మంలో నిలబడ్డారు. పున్నయ్య డబ్బా ఎత్తాడు. ఆమె ఒక్క చూపు చూసేసరికి డబ్బా దించి, దాని వెనక దాక్కున్నాడు.

“ఏమే బుజ్జమ్మా, నా పెళ్ళిలో మంగళహారతి పాడిన నోటితోనే నా కొంపకి నిప్పెడతావటే?”

“అమ్మగారూ, నేను మీవారిని అడిగింది ఒక్క సంతకమండి. అది పెడితే నా పిల్ల ఈ ఊళ్ళోనే ఉండదు. ఆయన సంతకం పెట్టకుండా సున్నం పెట్టారు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?”

నాగేశ్వరమ్మగారు గుమ్మం వైపు చూశారు. పెట్టె పక్కన నిలబడ్డ కల్యాణిని చూశారు. నాగేశ్వరమ్మగారి గొంతు కొంచెం తగ్గింది. “ఊళ్ళోనే ఉండదా?” అన్నారు. సంఘం ఇన్నాళ్ళుగా చేయలేని ఆలోచన ఆమె గుమ్మంలో నిలబడే చేసేశారు. ఏలూరు స్కూలు కాగితం పట్టుకుని తిన్నగా మండీకి నడిచారు.

“నలుగురూ ఏమనుకుంటారే?” అన్నారు అధ్యక్షులవారు.

“అనుకోవాల్సిందంతా మొన్న సంతలో అనేసుకున్నారు. మీరు పెడతారా, నేను పుట్టింటికి పోనా?”

సంతకం పడింది. స్త్రీ సముద్ధరణ ఒక స్త్రీకి కోపం రావడం వల్ల జరిగిందని సంఘం రికార్డుల్లో ఎక్కడా ఉండదు. బొగ్గుతో నడిచే బస్సు కల్యాణిని ఎక్కించుకుని హనుమాన్ జంక్షన్ వైపు దగ్గుకుంటూ కదిలినప్పుడు, బుజ్జమ్మ నడిరోడ్డు మీద నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చింది. ఆమె జీవితంలో ఒక మగవాడి చేతిమీదుగా జరిగిన మేలు అదొక్కటే. అందుకు ఆయన్ని తలుచుకోవాలో, ఆయన పెళ్ళాన్ని తలుచుకోవాలో తేల్చుకోలేక ఇద్దరికీ దణ్ణం పెట్టింది.

ఇంత ఘనకార్యం జరిగాక సన్మానం లేకపోతే బాగుండదు. ఒక పతితను ఉద్ధరించిన సందర్భంగా అధ్యక్షులవారికి మండీ ముందు పందిరి వేసి పూలదండలు వేశారు. సన్మానమన్నాక మేళం లేకపోతే వెలితిగా ఉంటుందని సభ్యులు అభిప్రాయపడ్డారు. అయితే నూజివీడులో మేళాలను సంఘమే నిషేధించింది. నియమం నియమమే కాబట్టి, గోదావరి అవతలి నుంచి పిలిపించారు. వేరే జిల్లా మేళం తమ సంఘం పరిధిలోకి రాదని ప్లీడరుగారు అభిప్రాయమిచ్చారు.

మేళంలో వెనక నిలబడ్డ కమల అనే పిల్ల కల్యాణి కంటే బాగా చిన్నది. గజ్జెలు బరువై కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. బుజ్జమ్మ పందిరి వెనక్కి వెళ్ళి దాన్ని దగ్గరికి తీసుకుంది. “చదువుకున్నావటే?”

“నాలుగు దాకా అండి. మళ్ళీ చేరతానంటే ఎవరైనా పెద్దాళ్ళు పూచీ ఉండాలంటండి.”

బుజ్జమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తిన్నగా వేదిక మీదికి ఎక్కింది. సీతారామాంజనేయులుగారు ‘తోడబుట్టిన ఆడపడుచులు’ అనే చోటికి వచ్చి ఉన్నారు. “అయ్యా, ఇంకో పూత తెచ్చాను. ఇంతమంది పెద్దమనుషులున్నారు, ఎవరో ఒకరు ఈ పిల్లకి పూచీ ఉండండి!” అంది సభకంతా వినబడేలా.

నాగేశ్వరమ్మగారు ఆ రోజు సభకు రాలేదు. జేబులో కలమున్న ప్రతి పెద్దమనిషీ పక్కవాడి జేబు వైపు చూశాడు. అధ్యక్షులవారు లేచి, ఇది పరిశీలించదగిన విషయమేనని మెచ్చుకుని, తదుపరి సమావేశానికి వాయిదా వేసి, మేళం కానిమ్మన్నారు. కమల చెయ్యి విడిపించుకుని వెళ్ళి తన వరసలో నిలబడింది.

ఆ రోజు అక్కడ లేనివాళ్ళు, తామే గనక ఉంటే తప్పకుండా సంతకం పెట్టేవాళ్ళమని ఇప్పటికీ చెబుతుంటారు. విచారిస్తే, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు ఎవరూ దొరకడం లేదు. మీరు కూడా ఊళ్ళో లేరు కదూ?